పిల్లికి మధుమేహం: ఇంటి పరీక్ష, దాని ఖర్చు

నడివయసు దాటిన పెంపుడు పిల్లి మునుపటికన్నా ఎక్కువ నీళ్ళు తాగుతూ, ఇసుకతొట్టెను పదేపదే తడుపుతూ, బాగా తింటూనే చిక్కిపోతూ ఉంటే పశువైద్యులు ముందుగా అనుమానించే జబ్బులలో మధుమేహం ఒకటి. ఇది మనుషులకు వచ్చే రెండవ రకం మధుమేహాన్ని చాలావరకు పోలి ఉంటుంది. స్థూలకాయం, ఇల్లు కదలని బతుకు, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల చుట్టూ అమిలాయిడ్ అనే మాంసకృత్తు పేరుకోవడం రెండింటిలోనూ కనిపిస్తాయి. అయితే జబ్బు బయటపడేనాటికి చాలా పిల్లులకు ఇన్సులిన్ అవసరమయ్యే స్థితి వచ్చేస్తుంది. సాధారణంగా రోజుకు రెండు సూదులు వేయాలి.

సూది వేయడం త్వరలోనే అలవాటవుతుంది. ఎంత వేయాలో తేల్చుకోవడమే కష్టం. అమెరికాలో అందుకు పాటించే పద్ధతి పిల్లిని పగలంతా ఆసుపత్రిలో ఉంచి, రెండేసి గంటలకొకసారి రక్తంలో చక్కెరను కొలవడం. ‘గ్లూకోజ్ కర్వ్’ అనే ఈ పరీక్షకు ఒక్కసారికే వంద డాలర్లు దాటడం మామూలు. మోతాదు కుదిరేవరకు దీన్ని మళ్ళీ మళ్ళీ చేయించాలి. ఈ ఖర్చుకు తట్టుకోలేక వైద్యం మానేసేవారు ఉన్నారు. పిల్లి కారుణ్యమరణానికి ఒప్పుకునేవారూ ఉన్నారు.

ఇంత ఖర్చు పెట్టినా ఆసుపత్రిలో వచ్చే అంకెను పూర్తిగా నమ్మలేం. కొత్త చోటు, కుక్కల అరుపులు, పట్టుకునే చేతులు పిల్లిని బెదరగొడతాయి. బెదిరిన పిల్లి ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. మధుమేహం లేని పిల్లిలో సైతం ఇలా డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటవచ్చు. ఒక్కొక్కప్పుడు 300 కూడా దాటుతుంది. ఆ అంకెను చూసి మోతాదు పెంచితే, ఇల్లు చేరి స్థిమితపడ్డ పిల్లికి అదే మోతాదు ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది.

మూత్రపరీక్ష ఈ లోటును తీర్చలేదు. రక్తంలో చక్కెర సుమారు 250 దాటాక గాని పిల్లి మూత్రంలో కనిపించదు కనుక, ప్రమాదకరంగా పడిపోయిన సంగతిని అది చెప్పలేదు. ఫ్రక్టోసమీన్ పరీక్ష గడిచిన ఒకటి రెండు వారాల సగటును చూపుతుంది. ఆ సగటులో హెచ్చుతగ్గులు కలిసిపోతాయి. మిగిలిన మార్గం ఇంట్లోనే రక్తం కొలుచుకోవడం.

ఇది సామాన్యుల వల్ల అయ్యే పనేనా అన్న సందేహం కొత్తది కాదు. ఏమ్స్ కంపెనీ తొలి గ్లూకోమీటరును తెచ్చినప్పుడు దాన్ని వైద్యులకే అమ్మేవారు. బాల్యం నుండి మధుమేహం ఉన్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, వైద్యురాలైన తన భార్య పేరు మీద దాన్ని 1969లో తెప్పించుకొని తన రక్తం తానే కొలుచుకున్నాడు. ఆయన అనుభవాన్ని వైద్యపత్రికలు పట్టించుకోకపోతే, నడివయసులో వైద్యకళాశాలలో చేరి తానే వైద్యుడయ్యాడు. నేడు గ్లూకోమీటరు చాలా తెలుగు ఇళ్ళలో కనిపిస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల పెట్టెలో మందులతో పాటు అదీ ఉంటుంది.

మనుషుల మీటరు పిల్లికి పనికివస్తుందా? పనికివస్తుంది, దాని తప్పు ఎటువైపో తెలిసి వాడితే. మనిషి రక్తంలోని గ్లూకోజ్‌లో సుమారు 58 శాతం ప్లాస్మాలోను, మిగిలినది ఎర్రకణాలలోను ఉంటుంది. పిల్లిలో 93 శాతం దాకా ప్లాస్మాలోనే ఉంటుంది. మనిషి లెక్క ప్రకారం తయారైన మీటరు అందువల్ల పిల్లి చక్కెరను సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువగా చూపుతుంది. అంటే అతిగా ఇన్సులిన్ వేయించే వైపు కాక, జాగ్రత్త వైపే తప్పుతుంది. ఆల్ఫాట్రాక్ వంటి జంతువుల మీటర్లలో ఈ సవరణ చేసే ఉంటుంది. ఏ మీటరు వాడుతున్నదీ వైద్యునికి చెప్పడం, మధ్యలో మార్చకపోవడం ముఖ్యం.

ఖర్చులో తేడా స్ట్రిప్పుల దగ్గర వస్తుంది. జంతువుల మీటరు స్ట్రిప్ ఒకటి డాలరు, ఆపైన పడుతుంది. దుకాణాలు సొంత పేరుతో అమ్మే మనుషుల స్ట్రిప్పులు ఇరవై సెంట్ల దరిదాపుల్లో దొరుకుతాయి. రోజుకు రెండు చొప్పున ఏడాదికి 730 స్ట్రిప్పులు కావాలి. మొదటి రకమైతే 730 డాలర్లు పైమాటే. రెండవ రకమైతే సుమారు 150. పన్నెండు గంటల కర్వ్‌కు ఇంట్లో ఏడు స్ట్రిప్పులు, అంటే డాలరున్నర చాలు.

రక్తం తీయవలసింది చెవి అంచున, అక్కడ పారే సన్నని సిర పక్కన. గుప్పెడు బియ్యం పోసి కట్టిన సాక్సును కొద్దిగా వేడిచేసి, వేడి ఎక్కువ కాలేదని చేతికి ఆనించి చూసుకుని, చెవికి కాసేపు అద్దితే రక్తప్రసరణ పెరుగుతుంది. చెవి వెనుక దూది మడత పెట్టి, లాన్సెట్ అనే చిన్న సూదితో గుచ్చాలి. గసగసమంత బొట్టు చాలు. ఆ తరువాత చెవిని అర నిమిషం అదిమి, పిల్లికి ఇష్టమైన మాంసపు తునక పెట్టాలి. మొదటివారం విఫలమయ్యే ప్రయత్నాలే ఎక్కువ. కొన్నాళ్ళకు చాలా పిల్లులు తునక కోసం తామే వచ్చి కూర్చుంటాయి.

పొదుపు చేయకూడని పరీక్ష ఒకటుంది: ప్రతి సూదికీ ముందు చేసేది. ఏ అంకెకు దిగువన సూది ఆపాలో వైద్యుని చేత ముందే రాయించుకోవాలి. చక్కెర 60 కన్నా పడిపోయినా, పిల్లి తూలినా, వణికినా చిగుళ్ళకు తేనె గాని కార్న్ సిరప్ గాని రాసి, వెంటనే అత్యవసర చికిత్సకు తీసుకువెళ్ళాలి. మరొక జాగ్రత్త సిరంజీది. ఇన్సులిన్‌లో యు-40, యు-100 అని రెండు గాఢతలున్నాయి. యు-100 మందును యు-40 సిరంజీతో గీత చూసి తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఎక్కుతుంది.

చర్మానికి అతికించే ఫ్రీస్టైల్ లిబ్రే వంటి సెన్సార్లను పశువైద్యులు వాడుతున్నారు. రెండు వారాలకని చేసిన సెన్సార్ పిల్లి ఒంటి మీద అంతకాలం నిలవకపోవడం తరచు జరిగేదే. తక్కువ అంకెల దగ్గర దాని మాటను చెవి బొట్టుతో సరిచూసుకోవాలి. మోతాదు మార్చే రోజుల్లో అది ఉపయోగమే గాని, ఏడాది పొడవునా కొనడం అందరికీ సాధ్యం కాదు.

పిల్లుల మధుమేహంలో ఒక ఆశ కూడా ఉంది. జబ్బు తొలిదశలోనే గ్లార్జిన్ వంటి దీర్ఘకాల ఇన్సులిన్, పిండిపదార్థం తక్కువగా ఉన్న తడి ఆహారం మొదలుపెడితే, కొన్ని పిల్లులకు నెలల వ్యవధిలో ఇన్సులిన్ అవసరమే తీరిపోతుంది. ఆ మలుపు ఏ రోజు వస్తుందో ముందుగా తెలియదు. అది వచ్చిన రోజున, నిన్నటిదాకా మందైన మోతాదే విషమవుతుంది. ఆ సంగతిని సకాలంలో చెప్పేది ఇరవై సెంట్ల స్ట్రిప్ మీది రక్తపుబొట్టు.