అద్భుతకథలు – పదసంపద

బాలనాగమ్మ కథ నెఱుగని స్త్రీ మన యమ్మమ్మల తరములో మిక్కిలి యరుదు. మాయల మరాఠి యామెను కుక్కగా మార్చి తన గట్టునకు గొనిపోయెను. వాని ప్రాణము వానియొద్ద లేదు. ఏడు సముద్రముల కవ్వల నొక మఱ్ఱిచెట్టు తొఱ్ఱలోని చిలుకయందు దాగియున్నది. ఏండ్లు గడచిన పిమ్మట కుమారుడు బాలవర్ధి యా చిలుకను సాధించి తల్లిని విడిపించెను. బుఱ్ఱకథకులు పల్లెపల్లెను పాడిన యీ కథను 1942లో జెమినీవారు చలనచిత్రముగ దీసిరి. కాంచనమాల బాలనాగమ్మగను, గోవిందరాజుల సుబ్బారావుగారు మాయల మరాఠిగను నటించిరి.

కథ జరిగిన పురమును కథకులు పానుగంటి యందురు. ఓరుగల్లు ఓరుగంటి యైనట్లే పానుగల్లు పానుగంటి యగును. తెలంగాణములో నీ పేర బ్రసిద్ధములైన యూళ్లు రెండు గలవు: నల్లగొండ నంటియుండి, కందూరు చోడులకు రాజధానియై, సోమేశ్వరాలయములకు బేరొందిన పానగల్లొకటి, వనపర్తి జిల్లాలో కొండకోట గల పానగల్లొకటి. కథలోని పానుగంటికి పటములో జోటు వెదకుట మా పని గాదు. ఆ కథను వినెడి పిల్ల యొక్క నోట మాటలెట్లు పెరుగునో, ఒక్కొక్కచో నెట్లు తరుగునో, దానిని గూర్చియే మా పాఠకురాండ్రతో ముచ్చటింప దలచితిమి.

నల్లగొండ ప్రాంతపు టిండ్లలో నాయనమ్మ కథ చెప్పునప్పుడు, "వాని పానం చిలకల ఉన్నది బిడ్డా" యనును. బడికి బోవు మనుమరాలు వెంటనే నవ్వి, "పానం కాదే నాయినమ్మా, ప్రాణం" అని దిద్దును. ఇట్టి దిద్దుబాట్లను మేము పెక్కిండ్లలో వినియున్నాము. తల్లి యప్పుడు బిడ్డ తెలివికి మురియును. ముసలామె కథను గబగబ ముగించి కన్నులు మూసికొనును. మఱునాడు కథ చెప్పుమన్నచో "నాకేం వస్తది బిడ్డా, మీ పుస్తకంల చదువుకో" యనును. ఒక్క మాటను దిద్దుటచే నూఱుకథలు నోటనే నిలిచిపోయినవి. పిల్లకు 'ప్రాణము' ముందే తెలియును. కాన ఆమెకు గలిగిన లాభ మేమియు లేదు.

నిజమునకు ఇచ్చట దిద్దవలసిన తప్పేమియు లేదు. 'రాక్షసి' యను సంస్కృతపదము తెలుగువారి నోట 'రాకాసి' యైనది. 'ఆశ్చర్యము' అచ్చెరువైనది. 'విద్య' విద్దె యైనది. ఇవి కావ్యములలో గూర్చుండినవి గనుక వానికి దద్భవములని గౌరవనామము. ప్రాణము పానమగుటయు నట్టి మార్పే; 'పానం' కావ్యము నెక్కలేదు, అంతియే భేదము. చందమామలో 'రాకాసిలోయ' యను ధారావాహిక వచ్చినప్పుడు 'రాక్షసలోయ యనవలెను' అని యెవ్వరును నవ్వలేదు గదా! తల్లి యీ రెండు జంటలను బక్కపక్కన నుంచి చూపినచో, పిల్ల వ్యాకరణము పేరెత్తకయే యొక వ్యాకరణసూత్రమును బట్టుకొనును. నాయనమ్మయు మఱునాడు కథ చెప్పును.

అద్భుతకథ మాటలను నేర్పుటలో దక్కిన పుస్తకములకంటె మేలైన దని మా యభిప్రాయము. దానికి గారణము గలదు. గృహకృత్యములను గూర్చిన పాఠములో 'గరిటె' యనుటకు మాఱుగ 'దర్వి' యని వ్రాసినచో పిల్ల కది బరువు. తనకు దెలిసిన వస్తువునకే తెలియని పేరు పెట్టినారు, ఎందులకు జ్ఞాపకముంచుకొనవలెను? అద్భుతకథలో నట్లుగాదు. పరుసవేది యను వస్తువు పిల్ల యింట లేదు, వీథిలో లేదు. వస్తువును మాటయు నొకేసారి వచ్చి మనస్సున నిలుచును. తాకినంతనే యినుమును బంగారముగ మార్చునది. 'స్పర్శవేధి' యనుదానికి దెలుగు రూపము. ఆంగ్లదేశపు హ్యారీ పోటరు కథలలో మొదటిదానిని దెలుగు చేసినవారును ఈ మాటనే పేరున నిలిపిరి. ఎక్కడి మాంత్రికుల పాఠశాల, ఎక్కడి మన పరుసవేది! క్రొత్తమాటను కల్పింపనక్కఱలేకయే పని జరిగినది.

రామాయణములో హనుమంతుడు తెచ్చిన యోషధులను జూడుడు. సంజీవకరణి, విశల్యకరణి, సంధానకరణి, సువర్ణకరణి. పిల్లకు మొదట నవి మంత్రములవలె వినబడును. శల్యమనగా గ్రుచ్చుకొన్న బాణపు ములికి. దానిని లేకుండ జేయునది విశల్యకరణి. సంధాన మనగా నతుకుట. విఱిగినదాని నతుకునది సంధానకరణి. గాయపు మచ్చను బోగొట్టి మేనికి మంచి వన్నె దెచ్చునది సువర్ణకరణి. రెండు విప్పి చూపినచో మూడవదానిని పిల్ల తానే విప్పుకొనును. అంతటితో నాగదు. వంటింటిలోని లేపనమునకు 'మంటమాన్పుకరణి' యని పేరు పెట్టును. సంస్కృతమును దెలుగును నిట్లు కలుపరాదని పండితులు కోపింతురు గాక, కరణి యనగా నేమో యా పిల్లకు దెలిసిన దనుటలో సందేహము లేదు.

ఈ నేర్చుకొనుట వట్టి యూహ గాదు. ఆంథొనీ బర్జెస్ అను ఆంగ్లరచయిత 1962లో 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' అను నవలను వెలువరించెను. రాబోవు కాలమును గూర్చిన యా కల్పనలో రష్యను భాషనుండి మలచిన వింతమాటలు వందలకొలది గలవు. 1978లో వెలువడిన యొక పరిశోధనలో, ఆ నవలను కొందఱికి జదువనిచ్చిరి. మాటలపై బరీక్ష యుండునని వారితో జెప్పలేదు. పిదప 90 మాటల కర్థము లడుగగా సగటున 76 వంతుల శాతము సరిగ జెప్పగలిగిరి. అర్థములను బట్టీ పట్టలేదు, నిఘంటువును దెఱవలేదు. ఆ మాటలు కథలో మఱల మఱల దారసపడినవి, కథ ముందునకు లాగినది, అంతియే. ఒక్కసారి మాత్రము కనబడిన మాట సాధారణముగ నిలువదు. కావుననే నెలనెలయు సాగు ధారావాహిక పిల్లలకు మంచి బడి.

తెలుగున నట్టి బడి చందమామ. చక్రపాణి, నాగిరెడ్డిగారలు 1947 జూలైలో మదరాసున దానిని బ్రారంభించిరి. దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954లో 'తోకచుక్క'తో మొదలిడి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, పాతాళదుర్గము, శిథిలాలయము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు మొదలగు ధారావాహికలను వ్రాసిరి. ఈ పేరులే యొక చిన్న నిఘంటువు. భల్లూకమనగా నెలుగుబంటి యని యే యుపాధ్యాయుడును బెత్తముతో నేర్పలేదు. శిథిలము, జ్వాల, పాతాళము అను మాటలను పదేండ్ల పిల్లలు నోరార బలికిరి. ఆ పత్రిక నేడు లేదు. ఆ కథలు మాత్రము పుస్తకములుగ వచ్చినవి.

అంతకు ముందు తరమువారికి మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీకథలు పండ్రెండు భాగములు. కాశికి బోవు మణిసిద్ధునితో వెంటవచ్చు గోపబాలుడు మజిలీమజిలీకి నొక వింతను జూచి, దాని కథ చెప్పుమని పట్టుపట్టును. అడుగుట పిల్లవాని పని, చెప్పుట పెద్దవాని పని. కథలోనే చదువుచెప్పు పద్ధతి యున్నది. భాష గ్రాంథికము, నేటి పిల్ల తానై చదువలేదు. తల్లి చదివి వినిపించినచో వినును.

నల్లగొండసీమలో నిట్టి చదువునకు మఱియొక విలువ గలదు. నిజాముల యేలుబడిలో పాలనకును, పై చదువులకును ఉరుదూ భాష. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము నా భాషలోనే బోధించెను. ఆ యేటనే నల్లగొండలో ఆంధ్రసరస్వతీ గ్రంథాలయము, 1922లో నీలగిరి పత్రిక నెలకొన్నవి. తెలుగు చదువు బడివెలుపల, గ్రంథాలయములలోను, ఇంటి యరుగులపైనను బ్రదికినది. నేడు తెలంగాణమున బడులన్నిటను దెలుగు తప్పక బోధింపవలెనని 2018లో శాసనము వచ్చినది. అయినను ఆంగ్లములో సమస్తమును జదువు పిల్లకు దెలుగు ఒక్క పాఠ్యపుస్తక మాత్రమై, పరీక్షతో ముగియుచున్నది. ఆ పిల్ల యమ్మతో దెలుగున మాటలాడును. అమ్మ వ్రాసిన యుత్తరమును జదువమన్న దడబడును. ఇది మేము కన్నులార జూచుచున్న సంగతి. శాసనము బడికి, పడకటింటికి గాదు.

కావున రాత్రి యొక యరగంట తల్లి గాని, తండ్రి గాని యద్భుతకథను బైకి చదువవలెను. చదువునప్పుడు తెలియని ప్రతిమాటకును ఆగరాదు. మాంత్రికుడు ఖడ్గ మెత్తి నిలిచియుండగా 'ఖడ్గమనగా నేమి?' యని పరీక్షించు తల్లి కథను జంపినదే యగును. పిల్ల తానడిగినచో నొక్కముక్కలో జెప్పి సాగవలెను. మఱునాడు తీరికగ, వంట జరుగుచుండగా, నిన్నటి మాటలలో రెంటినో మూటినో కదపవచ్చును. అర్థము చెప్పకముందు "నీవేమనుకొంటివి?" అని యడుగుట మేలు. పిల్ల యూహ తప్పైనను, తాను వెదకి తప్పిన మాట త్వరగా మఱువబడదు.

మాటలు వ్రాసికొనుటకు నొక పుస్తక ముంచినచో, పుస్తకపు మాట కెదుట ఇంటిమాటకును జోటుండవలెను. ఇది మాకు ముఖ్యముగ దోచుచున్నది. కోటచుట్టు నీటిగుంటను కథలో 'అగడ్త' యని వ్రాయుదురు, కావ్యములలో 'పరిఖ', మన యూళ్లలో 'కందకం'. ఈ కడపటిది పారసీ, ఉరుదూలమీదుగ వచ్చి మనదైనది. మూడును నేర్వదగినవే. కథలో రాజునకు రహస్యములు దెచ్చువాడు 'వేగులవాడు'. తెల్లవారుజామున మెఱయునది 'వేగుచుక్క'. మన ప్రాంతమున 'ఏగుచుక్క'. వేగనగా దెల్లవాఱుటయు, గూఢముగ దెలిసికొన్న వార్తయు. "మబ్బుల లేచిన" అని నల్లగొండ రైతుపడతి చెప్పినప్పుడు పట్టణపు పిల్ల మేఘములని భ్రమించును. మబ్బునకు జీకటి యను నర్థము నిఘంటువులలోను గలదు. దాని నిప్పటికిని నిత్యము వాడుచున్నది ఆ రైతుపడతియే. నలిమెల భాస్కరుగారు కూర్చిన తెలంగాణ పదకోశము ఇట్టిచోట్ల నక్కఱకు వచ్చును.

పానగల్లు దగ్గఱివారికి మఱియొక సౌకర్యము గలదు. కథలలో జదివిన మాటలు అచ్చట ఱాతిలో గానబడును. పచ్చలసోమేశ్వరాలయపు గోడలపై రామాయణ భారతకథలు చెక్కబడినవి. అచ్చటి లింగమునకు బచ్చలు పొదిగియుండుటచే నా పేరు వచ్చినదని చెప్పుదురు. పచ్చ యను మాట కుటుంబము పెద్దది: పసుపు, పసిమి, పసరు, పసిడి, పసికందులోని పసి, ఇవన్నియు నొక యింటివే. కథలోని పసిడికోటయు, వంటింటి పసుపును జుట్టములని విన్న పిల్ల ముఖమును జూడవలసినదే!

రెండవది ఛాయాసోమేశ్వరాలయము. మూడు గర్భగృహములలో నొకదాని వెనుకగోడపై స్తంభపు నీడ యొకటి పగలెల్ల గదలక నిలిచియుండును. ఎదుటి కంబముల నడుమనుండి పలువైపుల వచ్చు వెలుతురుచే నట్లగునని తెలిసినవారు వివరించిరి. 'ఛాయ' యనగా దేనీరనుకొన్న చిన్నదాని నెఱుగుదుము; తప్పు పట్టనేల, ఇంట దినమునకు మూడుసార్లు వినుచున్నది! సముద్రముపై నీడను బట్టి ప్రాణులను లాగు సింహిక కథను, హనుమంతు డామెను గెలిచిన తీరును జెప్పి, ఆమె ఛాయాగ్రాహి యన్నచో, ఆ పిల్లకు ఛాయయు వచ్చును, గ్రహించుటయు వచ్చును.

ఒక్క హెచ్చరిక. నేర్చిన మాటలను బంధువులయెదుట బలికించి మెప్పు పొందజూచుట మనలో గొందఱి కలవాటు. పేరంటములో 'ఏదీ, భల్లూకమనగా నేమో అత్తకు జెప్పు' అన్నచో పిల్ల మఱునాటినుండి కథకు దూరమగును. పిల్ల తనంత దాను తమ్ముని 'శిథిలాలయమువలె నున్నావు' అని తిట్టుకొననిండు.

వేసవి సెలవులలో మొదలిడగోరువారు బాలనాగమ్మతోనే మొదలిడవచ్చును. ముందు నాయనమ్మను జెప్పుమనుడు, పిల్లను వ్రాయుమనుడు. ఆమె 'పానం' అన్నచోట 'పానం' అనియే వ్రాయవలెను. పిదప అచ్చుపుస్తకమును దెచ్చి రెంటిని బోల్చి చదివినచో, ఏడవ సముద్రము దాటులోపల నలువది యేబది మాటలైన పుస్తకమున జేరకపోవు.