సాగర్ నీటిని బట్టే మిర్యాలగూడ ధాన్యం బేరం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను ధాన్యం వ్యాపారస్తులు ఒకే గాటన కట్టి మాట్లాడటం పరిపాటి. కాని మూడింటి బేరం మూడు తీరులు.

ఒకప్పుడు ఈ ప్రాంతం చాలావరకు మెట్ట. చెరువులు, బావుల కింద వరి. మిగిలినచోట జొన్న, ఆముదాలు, వేరుశనగ. నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాల్వలకు నీరు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో మాగాణి విస్తరించింది. ధాన్యం వెంట రైసు మిల్లులు వచ్చాయి.

హైదరాబాదు-విజయవాడ రహదారిపై ఉన్న సూర్యాపేటకు మార్కెట్ యార్డే ఆయువుపట్టు. అక్కడ రాశి చూసి ధర వేస్తారు. కోదాడ సరిహద్దు పట్టణం. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత అవతలి సరుకు రాకపోకలకు ప్రాధాన్యం పెరిగింది.

మిర్యాలగూడలో బేరం మిల్లు గేటు వద్ద జరుగుతుంది. యంత్రంతో కోసిన సన్న ధాన్యం పచ్చిగానే ట్రాక్టర్లపై వస్తుంది. ప్రభుత్వ కేంద్రాలలో తేమ 17 శాతానికి మించరాదు. మిల్లరు అంతకు మించిన తేమ ఉన్నా కొంటాడు. తరుగు లెక్కగట్టి ధర చెబుతాడు. పచ్చి ధాన్యం కుప్పలో వేడెక్కి రంగు మారుతుంది, నూక పెరుగుతుంది. కనుక రైతు సరుకు వెనక్కు తీసుకుపోలేడు. కోతలన్నీ ఒకేసారి పడితే డ్రయ్యర్లు చాలవు, ధర జారుతుంది. బియ్యానికి గిరాకీ ఉన్నప్పుడు కూడా గేటు వద్ద ధాన్యం మందగించటానికి కారణం ఇదే.

లెవీ విధానం 2015 అక్టోబరుతో ముగిసింది. ప్రభుత్వ ధాన్యం మర ఆడించే మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం గాని, 68 కిలోల ఉప్పుడు బియ్యం గాని అప్పగించాలి. ఇందులో ధర భయం తక్కువ. సొంతంగా కొన్న సన్నాలలోనే లాభనష్టాలు.

దొడ్డు రకాలకు విదేశీ గిరాకీ కూడా తోడయింది. 1010 రకం బియ్యంతో తెలంగాణ నుంచి ఫిలిప్పీన్స్‌కు తొలి ఓడ 2025 మార్చి 31న కాకినాడలో బయలుదేరింది. సరుకు 12,500 టన్నులు. ఈ రకానికి ఒక జనకం ఐఆర్-64, అది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పుట్టినదే.

అయితే అన్నిటికీ మూలం నీరు. 2023-24 యాసంగిలో ఎడమ కాల్వ కింద సాగుకు నీరు అందలేదు. మిల్లులు ఉన్నాయి, ఆడించటానికి స్థానిక ధాన్యం కరువైంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వానాకాలం ముగిసేనాటికి మట్టం ఎంత ఉన్నదో చూసుకున్న తరువాతే యాసంగి సరుకుకు బయానా ఇవ్వటం క్షేమం.