గడులు గీయు విద్య

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, విజయదశమి పర్వదినమున సిద్దిపేట జిల్లా అవతరించినపుడు, అంతవరకు కరీంనగరు జిల్లాలోనుండిన హుస్నాబాదు, కోహెడ, బెజ్జంకి ప్రాంతములును, వరంగల్లు జిల్లాలోనుండిన చేర్యాల ప్రాంతమును, మెదకు జిల్లానుండి వేరుపడిన సిద్దిపేట, గజ్వేలు, దుబ్బాక ప్రాంతములతో కలిసి యొక జిల్లాయైనవి. ఆనాడు హుస్నాబాదు రైతు తన పొలమునుండి అడుగైనను కదలలేదు. అతని పట్టా మారలేదు. మారినది జిల్లా పేరు మాత్రమే. కాని రైతుల పట్టికలో ఆ పేరు ప్రతి రైతు వరుసలోను మరల మరల వ్రాయబడిన చోట లక్షలాది వరుసలను దిద్దవలసి వచ్చును. మండలములకు వేరొక పట్టికను కల్పించి, ఏ మండలము ఏ జిల్లాకు చెందునో అందులో నొక్కమారే వ్రాసి, రైతు వరుసలో మండలపు సంఖ్యను మాత్రమే నిలిపిన చోట, కొద్ది వరుసలను దిద్దిన చాలును. డేటాబేసు ఆధారముగా నడచు వెబ్‌సైటును నిర్మింపగోరు విద్యార్థికి ఇంతకంటె మేలైన ప్రథమపాఠము నేనెరుగను.

అట్టి వెబ్‌సైటులో పుటలు ముందుగా వ్రాసిపెట్టబడి యుండవు. మనము సర్వే నంబరును కొట్టి బటను నొక్కిన క్షణమున, ఎక్కడనో యున్న సర్వరు తన పట్టికలను వెదకి, కావలసిన వరుసలను ఏరి, అప్పటికప్పుడు పుటను కూర్చి పంపును. ఈ పట్టికల శాస్త్రమునకు మూలపురుషుడు ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అను గణితవేత్త. సమాచారమునంతను సరళములైన పట్టికలుగా విభజించి, వాటిని పరస్పరము ఉమ్మడి విలువలచేత ముడివేయవలెనని 1970లో నాతడు ప్రతిపాదించెను. ఆ పట్టికలను ప్రశ్నించుటకు ఎస్‌క్యూఎల్ అను భాష అదే సంస్థలో కొన్నియేండ్లకు పుట్టెను. తెలంగాణ పల్లెలకు పట్టిక క్రొత్తది గాదు. భూముల లెక్కలైన నిజాం కాలపు సేత్వారును, 1954-55 నాటి ఖాస్రా పహాణీని, ఏటేట పట్వారి వ్రాసిన పహాణీని చూచిన పెద్దలకు ఏ గడిలో నేమి యుండునో కంఠతా వచ్చును.

ఇక ఫ్రేంవర్కు అను చట్రము సంగతి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను చిన్న పట్టణములో వెలువడు నొక దినపత్రిక కార్యాలయమున, వార్త అచ్చునకు పోవులోపల క్రొత్త పుటలను సిద్ధము చేయవలసిన తొందరలో, 2003లో ఏడ్రియన్ హోలొవాటి, సైమన్ విల్లిసన్ అను ఇరువురు యువకులు, ప్రతి వెబ్‌సైటునకును మరల మరల వ్రాయవలసివచ్చు భాగమును వేరుచేసి, పైథాన్ భాషలో నొక చట్రమును నిర్మించిరి. జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేరుతో అది 2005లో లోకమునకు ఉచితముగా నొసగబడెను. రూబీ భాషకు రెయిల్స్, పీహెచ్‌పీ భాషకు లారావెల్ ఇట్టివే. మహానగరములోని మహాసంస్థలో గాక, చిన్న ఊరి పత్రికాఫీసులో ఇట్టి పనిముట్టు పుట్టెనను సంగతి సిద్దిపేట వంటి పట్టణముల యువకులు గుర్తుంచుకొనదగినది.

ఫ్రేంవర్కు మగ్గము వంటిది. పడుగును నిలుపు కొయ్య, నాడె నడచు బాట ముందే యమరియుండును. సిద్దిపేట చీరలపై గొల్లభామ బొమ్మ ఎక్కడ రావలెనో నేతగాడే నిర్ణయించును. ఆ గొల్లభామ చీరలనే అభ్యాసమునకు వస్తువుగా గైకొందము. సిద్దిపేట నేతకారుల చీరలను అమ్ముటకొక వెబ్‌సైటు కావలెననుకొనుడు. నేతకారుల కొక పట్టిక, చీరల కొకటి, ఆర్డర్ల కొకటి. జాంగోలో నొక్కొక్క పట్టిక వర్ణనను మోడల్ అందురు. మోడలును వ్రాసి మైగ్రేషన్ ఆజ్ఞల నిచ్చిన, డేటాబేసులో పట్టిక తానే ఏర్పడును. ఏ చిరునామా కోరిన ఏ పని జరుగవలెనో యూఆర్‌ఎల్ జాబితా చెప్పును. ఆ పనిని వ్యూ నెరవేర్చును. ఫలితమును చూపరుల కింపుగా టెంప్లేటు అమర్చును. వివరములను చేర్చుటకు, దిద్దుటకు అడ్మిన్ పుటలు దాదాపు సిద్ధముగనే లభించును; సెట్టింగులలో భాషను తెలుగుగా మార్చిన, ఆ పుటలలోని మాటలు పెక్కు తెలుగులోనే కనబడును.

చీరల పట్టికలోనే నేతకారుని పేరును, ఫోను నంబరును ప్రతిమారు వ్రాయుట క్రొత్తగా నేర్చుకొనువారందరును చేయు పనియే. నంబరు మారిన దినమున కొన్ని వరుసలలో పాతది, కొన్నిటిలో క్రొత్తది నిలిచి, ఏది నిజమో తెలియక పోవును. ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మన లిపితో వచ్చును. మన ఊరి పేరును కొందరు ‘సిద్దిపేట’ యనియు, కొందరు ‘సిద్ధిపేట’ యనియు వ్రాయుదురు. మనుష్యునకు రెండును ఒకటే. యంత్రమునకు రెండు వేర్వేరు ఊళ్లు. కంటికి నాలుగక్షరములుగా కనబడు ‘సిద్దిపేట’ యూనికోడులో తొమ్మిది సంకేతములు; యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు. కావుననే గ్రామమును పేరుచేత గాక, మారని సంఖ్యచేత గుర్తింపవలెను.

ఈ విద్యలో అన్నింటికంటె బరువైన ప్రశ్న యంత్రమునకు సంబంధించినది గాదు. ఏ గడి యుండవలెను, ఏది యుండరాదు అనునదియే ఆ ప్రశ్న. పాత పహాణీలో పట్టాదారు గడితోపాటు అనుభవదారు కాలమ్ కూడ నుండెను; భూమి యెవరి పేరనున్నదో యొకటి, వాస్తవముగా నెవరు దున్నుచున్నారో మరియొకటి. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన భూరికార్డుల వెబ్‌సైటు ధరణిలో ఆ అనుభవదారు కాలమ్ లేకపోవుట రాష్ట్రమంతట తీవ్రచర్చకు మూలమైనది. ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చెను. రాజకీయములను విడిచి, పట్టికలు గీయువాని దృష్టితో చూచినను విషయము స్పష్టమే: గడి లేని చోట మనిషి లేడు. కౌలుదారు తన పేరు ఎక్కడ వ్రాయవలెనని యడిగినపుడు, ఆ ఫారములో చోటు లేదని ఆపరేటరు చెప్పుటలో అతని తప్పేమియు లేదు. ఆ నిర్ణయము అంతకు ఎంతో ముందు, మోడలు వ్రాసిన బల్లమీద జరిగిపోయినది. అందుచేత పట్టిక గీయుటకు ముందు తహశీలు గుమాస్తాను, రైతును, కౌలుదారును కూర్చుండబెట్టి యడుగుట నిర్మాతకు విధి యని నా దృఢవిశ్వాసము.

భద్రతను గూర్చి యొక్కమాట. పేరు వ్రాయవలసిన గడిలో దుర్బుద్ధి గలవాడు ఎస్‌క్యూఎల్ ఆజ్ఞనే వ్రాసి డేటాబేసును చెరుపజూచును. సాధారణ రీతిలో వాడినంతకాలము ఫ్రేంవర్కు దానిని ఉత్త అక్షరములుగానే గ్రహించి కాపాడును; దానిని దాటి స్వయముగా ప్రశ్నలను అతికించువాడు ఆ రక్షణను కోల్పోవును.

2023లో సిద్దిపేటలో ఐటీ టవరు వెలసినది. పైథాన్, జాంగో, అభ్యాసమునకు చాలిన ఎస్‌క్యూలైట్ డేటాబేసు, అన్నియు ఉచితములు. సామాన్యమైన ల్యాప్‌టాపుపై నడచును. కొరత పనిముట్లకు గాదు, ఏ గడి యుండవలెనో తెలిసికొనుటకే. కళాశాలలలో ఈ విద్య గరపు అధ్యాపకులకు నా మనవి యిది: మొదటి వారములలో కంప్యూటరును తెరువనీయక, విద్యార్థులను తమ తమ ఊళ్లకు పంపి, పాల కేంద్రపు లెక్కనో, గ్రంథాలయపు రిజిస్టరునో, పాత పహాణీనో చూచి రమ్మని, కాగితముపై పట్టికలను గీయింపుడు; ఆ కాగితమును ఆ లెక్క వ్రాయువారికే చూపి, తప్పులు దిద్దించుకొని వచ్చిన పిమ్మటనే మోడలు వ్రాయనిండు.