విద్యుత్ చక్రాల కుర్చీ: వాడుకలో మెలకువలు, పాటించవలసిన జాగ్రత్తలు

పక్షవాతం, వెన్నుపూస గాయం, కండరాల క్షీణత, ముదిరిన కీళ్ళవాతం మొదలైన వ్యాధులతో కాళ్ళు స్వాధీనం తప్పినవారికి విద్యుత్ చక్రాల కుర్చీ గొప్ప ఆధారం. ఒకప్పుడు పెద్ద ఆసుపత్రులలో మాత్రమే కనిపించిన ఈ ఉపకరణం నేడు కాకినాడ వంటి పట్టణాలలో మధ్యతరగతి ఇండ్లకు కూడా వచ్చినది. కుర్చీ కొనేటప్పుడు చూపిన శ్రద్ధను వాడేటప్పుడు చూపేవారు మాత్రం తక్కువ. అందువలన నడుము క్రింద పుండ్లు పడినవారు, గడప వద్ద బోర్లా పడి ఎముక విరిగినవారు వైద్యుల వద్దకు వస్తూనే ఉన్నారు. కొద్దిపాటి తెలివిడితో ఈ బాధలలో చాలవరకు తప్పించుకొనవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడి కాలుసేతులు చచ్చుబడిన సైనికుల కోసం కెనడా జాతీయ పరిశోధనా మండలిలో జార్జ్ క్లైన్ అను ఇంజనీరు తన సహచరులతో కలిసి ఇట్టి కుర్చీని రూపొందించెను. మన దేశంలో వికలాంగుల ఉపకరణాల తయారీకై కాన్పూరులో 1972లో ఆలింకో అను ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. మద్రాసు ఐ.ఐ.టి. వారి కృషితో, చక్రాల కుర్చీకి ముందుభాగాన తగిలించుకొనే నియోబోల్ట్ అను మోటారు సాధనం కూడా విపణికి వచ్చినది.

ఆయుర్వేద దృష్టి

శరీరంలోని చలనమంతయు వాతాధీనమని మన శాస్త్రం చెప్పుచున్నది. చరక సంహిత చికిత్సాస్థానంలో 28వ అధ్యాయం వాతవ్యాధులకే కేటాయింపబడినది. అదే గ్రంథం సూత్రస్థానం 9వ అధ్యాయంలో వైద్యుడు, ఔషధ ద్రవ్యం, పరిచారకుడు, రోగి అను నలుగురిని చికిత్సకు నాలుగు పాదాలుగా చెప్పి, పరిచారకునికి ఉపచార జ్ఞానం, నేర్పు, అనురాగం, శుచిత్వం ఉండవలెనని విధించినది. చక్రాల కుర్చీ గల ఇంటిలో ఈ పరిచారకులు భార్యయో, కోడలో, కుమారుడో అగుదురు. కావున ఈ వ్యాసం కుర్చీలో కూర్చొను వారికి ఎంతయో, వారిని కనిపెట్టుకొని ఉండువారికి కూడా అంతే.

ఎవరికి అవసరం? ఎవరికి కాదు?

నాలుగడుగులు వేయగలవారిని రోజంతా కుర్చీలో కూర్చుండబెట్టుట మేలు కాదు. పక్షవాతం వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేతికర్ర ఊతంతో పెరటి వరకు నడచుచుండెడివారు. దూరదేశంలోని కుమారుడు ప్రేమతో విద్యుత్ కుర్చీ పంపెను. ఐదారు మాసాలు దానిలోనే గడుపుటచే మోకాలు ముడుచుకొనిపోయి, లేచి నిలుచుటయే కష్టమైన స్థితిలో వారు నా వద్దకు వచ్చిరి. అభ్యంగం, స్వేదనం, ఫిజియోథెరపీ నిపుణుని పర్యవేక్షణలో వ్యాయామం చేయించి, కుర్చీని ఇంటి వెలుపలి పనులకే పరిమితం చేసిన పిమ్మట వారు మరల పెరటి వరకు నడచుటకు మూడు నెలలు పట్టినది. ఉన్న శక్తిని నిలుపుకొనుటకు కుర్చీ తోడు కావలెను గాని, ఆ శక్తిని హరించునది కారాదు.

చూపు మందగించినవారు, మూర్ఛలు వచ్చేవారు, మత్తు కలిగించే మందులు వాడేవారు వైద్యుని సలహా లేనిదే కుర్చీ నడుపరాదు. మెదడు కుడిభాగం దెబ్బతిన్న పక్షవాత రోగులలో కొందరికి ఎడమవైపున ఏమున్నదో స్ఫురించదు. వారు ద్వారబంధానికి ఎడమ భుజం గుద్దుకొందురు. ఎడమచేయి చక్రంలోనికి జారినను ఎరుగరు. అట్టివారి చేతిని చేతిబల్లపై భద్రంగా అమర్చి, ఎడమవైపున ఒక మనిషి నడువవలెను. నడిపే మీట, అనగా జాయ్‌స్టిక్కు, ఎల్లప్పుడు స్వాధీనంలో ఉన్న చేతివైపు బిగింపవలెను.

కూర్చొను విధం, నడుపు విధం

• ఎక్కునపుడు, దిగునపుడు ముందుగా స్విచ్చి ఆపవలెను. చేయి తగిలి కుర్చీ కదలుటచే జరిగే ప్రమాదాలు చాలా ఎక్కువ. పాదపీఠాలను పైకి మడచిన తరువాతనే దిగవలెను. వానిపై నిలబడినచో కుర్చీ ముందుకు తలక్రిందులగును.

• పిరుదులు వెనుకకు ఆనునట్లు నిటారుగా కూర్చొనవలెను. బెల్టు పొట్టమీద గాక నడుము క్రింద తుంటిపై ఉండవలెను.

• చీరకొంగు, కండువా, పంచె అంచు చక్రాలలో చుట్టుకొనకుండ లోపలికి దోపుకొనవలెను. ఇది చిన్న విషయమని తలచరాదు. కొంగు బిగిసినచో మెడకు ఉరి పడవచ్చును.

• మొదటి వారం రోజులు ఇంటిలోనే, అతి తక్కువ వేగంతో అభ్యాసం చేయవలెను.

• మెట్టు ఎత్తు ఒక అంగుళమైనచో వాలుబాట పొడవు ఒక అడుగు ఉండవలెను. అనగా 6 అంగుళాల గడపకు 6 అడుగుల వాలుబాట కావలెను. స్థలం చాలలేదని నిటారుగా కట్టించినచో కుర్చీ వెనుకకు తిరగబడును. వాలులో నేరుగా ఎక్కవలెను, నేరుగా దిగవలెను, అడ్డంగా తిరుగరాదు.

• మీట వదలగానే విద్యుత్ బ్రేకు తనంతట తానే పడును. మోటారును చక్రం నుండి విడదీసే క్లచ్చి పిడిని లాగినపుడు ఈ బ్రేకు పనిచేయదు. వాలులో నుండగా దానిని ఎన్నడును తాకరాదు.

• వానకాలంలో వీధిలో నీరు నిలిచినపుడు బయలుదేరవద్దు. నీటి క్రింద గుంట ఉన్నదో, మూత లేని కాలువ ఉన్నదో తెలియదు. సంధ్యవేళ వెళ్ళవలసివచ్చినచో వెలుగు పడితే మెరిసే పట్టీలు కుర్చీ వెనుక అంటించవలెను.

బ్యాటరీ సంరక్షణ

చాలా కుర్చీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టుల శక్తినిచ్చును. సీసపు బ్యాటరీ అయినచో వాడిన ప్రతి రోజు రాత్రి ఛార్జి పెట్టుట మంచిది. పూర్తిగా అడుగంటే వరకు వాడుట దాని ఆయుష్షును తగ్గించును. లిథియం బ్యాటరీకి దాని కంపెనీ సూచనలనే పాటింపవలెను. కుర్చీతో వచ్చిన ఛార్జరునే వాడవలెను. ఎర్తు కనెక్షను గల ప్లగ్గు పాయింటు వద్ద, గాలి ఆడు చోట, పరుపులకు, తెరలకు దూరంగా ఛార్జి పెట్టవలెను. ఉబ్బిన, వేడెక్కిన, వాసన వచ్చు బ్యాటరీని మరల ఛార్జి చేయరాదు. వెంటనే ఇంటి వెలుపలికి మార్పించి మెకానిక్కును పిలువవలెను.

మనది తుపానుల ప్రాంతం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను మన జిల్లాను, విశేషించి కోనసీమను ఎంత అతలాకుతలం చేసినదో పెద్దలందరికి జ్ఞాపకమే. వాయుగుండం వార్త వినగానే బ్యాటరీని నిండుగా ఛార్జి చేయవలెను. చేతితో నెట్టే మామూలు కుర్చీ ఒకటి ఇంటిలో ఉంచుకొనుట దూరదృష్టి. విద్యుత్ కుర్చీ బరువు ఎక్కువ. మనిషితో సహా దానిని మేడమెట్లపైకి ఎత్తుటకు ప్రయత్నింపరాదు.

సముద్రగాలి – తుప్పు

ఉప్పుగాలి వలన బోల్టులు, తీగల చివరలు త్వరగా తుప్పు పట్టును. వారానికి ఒకసారి తడిగుడ్డను గట్టిగా పిండి తుడిచి, పొడిగుడ్డతో ఆరదుడువవలెను. గొట్టంతో నీళ్ళు కొట్టరాదు. ముందు చక్రాల ఇరుసులకు వెంట్రుకలు, దారపు పోగులు చుట్టుకొనును. నెలకొకసారి స్విచ్చి ఆపి తీసివేయవలెను. గాలి టైర్లయినచో టైరు ప్రక్కన ముద్రించిన పీడనం ప్రకారమే గాలి కొట్టింపవలెను. ఇరుసులలో కొబ్బరినూనె, కిరసనాయిలు పోయు అలవాటు మంచిది కాదు. సంవత్సరానికి ఒకసారియైన తెలిసిన మెకానిక్కుచే బ్రేకులు, తీగలు పరీక్షింపజేయవలెను.

అన్నిటికన్న ముఖ్యం: చర్మరక్షణ

స్పర్శ తెలియని శరీరభాగంపై ఎక్కువసేపు బరువు పడినచో రక్తప్రసారం ఆగి లోపలి మాంసం కుళ్ళును. పైకి చిన్న ఎర్రని మచ్చగా కనిపించినను లోపల ఎముక వరకు వ్యాపించియుండవచ్చును. మధుమేహం ఉన్నవారిలో ఇది ప్రాణాంతకం కూడా కాగలదు.

ప్రతి 20, 30 నిమిషాలకు ఒకసారి ముందుకు, ప్రక్కలకు వంగి ఒకటి రెండు నిమిషాలు పిరుదులపై బరువు తీయవలెను. వంగలేనివారికి ఇంటివారు సహాయపడవలెను. రాత్రి పడుకొనే ముందు పిరుదులు, నడుము దిగువ, మడమలు పరీక్షింపవలెను. బరువు తీసిన అరగంటకు కూడా ఎరుపు తగ్గనిచో ఆ భాగంపై కూర్చొనుట మాని వైద్యునికి చూపవలెను. ఎర్రబడిన చోట నూనెతో మర్దన చేయరాదు. మధ్య రంధ్రం గల గుండ్రని దిండు వాడరాదు. పుండు పడినచో పసుపు, ఆకుపసరు పూసి కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను.

గృహచికిత్స – పథ్యం

ఎరుపుగాని పుండుగాని లేని శరీరానికి ఉదయం గోరువెచ్చని నువ్వులనూనెతో గాని, వైద్యుడు సూచించిన క్షీరబలా తైలంతో గాని మృదువుగా అభ్యంగం చేసి, సున్నిపిండితో స్నానం చేయింపవలెను. జిడ్డు పూర్తిగా పోయిన పిమ్మటనే కుర్చీ ఎక్కింపవలెను. జిడ్డు చేతికి మీట జారును, సీటుపై శరీరం కూడా జారును. స్పర్శ లేని కాళ్ళకు వేడినీటి సంచితో కాపడం పెట్టరాదు, కాలినను తెలియదు.

కూర్చొని ఉండువారికి మలబద్ధకం సహజం. తగినంత నీరు, ఆకుకూరలు, పెసరకట్టు, మజ్జిగ హితకరం. రాత్రివేళ త్రిఫల చూర్ణం ఎంత మోతాదులో వాడవలెనో వైద్యుని అడిగి తీసుకొనవలెను. మూత్రపిండ వ్యాధులున్నవారు నీరు, పప్పుల విషయంలో ప్రత్యేక సలహా పొందవలెను. కదలిక తగ్గినపుడు బరువు పెరుగును. కాకినాడ కాజాలు పండుగనాటికి ఒకటి చాలును.

ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి, వెచ్చబడి నొప్పి పుట్టినచో దానిని వాతమని తలచి మర్దన చేయరాదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఇంటివారికి ఒక మాట

కుర్చీ వచ్చినదని మనిషిని ఒక మూలకు చేర్చరాదు. భోజనపు బల్ల ఎత్తు, స్నానాల గది తలుపు వెడల్పు వారికి వీలుగా సవరింపవలెను. ప్రభుత్వ కార్యాలయాలలోను, ప్రజోపయోగ భవనాలలోను వాలుబాట ఉండవలెనని కోరుటకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆధారం కల్పించినది; దానిని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. సాయంకాలం కొంతసేపు వీధిగాలి, ఇరుగుపొరుగుతో నాలుగు మాటలు, వారానికొకసారి గుడికో, గ్రంథాలయానికో ప్రయాణం కూడా చికిత్సలో భాగమే. కుర్చీని నడిపేది వారి చేయి. ఎక్కడికి పోవలెనో నిర్ణయించేది కూడా వారే కావలెను.