భయానికి మచ్చిక కాని మాట!

సింహం పిల్లలతో ఆడుకున్న బుడతడు గుర్తున్నాడా? శకుంతల కొడుకు భరతుడు. ఆశ్రమంలో అతణ్ని సర్వదమనుడని పిలిచేవారు. అన్నిటినీ లొంగదీసేవాడని అర్థం. ఆ పేరుకీ, ధైర్యవంతుల్ని మెచ్చుకుంటూ ఇంగ్లిషువాళ్లు అనే 'డాంట్‌లెస్'కీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

నిజంగానే ఉంది. 'డాంట్' అంటే ఇప్పుడు బెదరగొట్టడం. 'లెస్' చేరితే దేనికీ బెదరని అని. కానీ దాదాపు 700 ఏళ్ల కిందట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు ఆ మాటకు అర్థం లొంగదీయడం, మచ్చిక చేయడం. సర్కస్‌లో సింహాలను ఆడించేవాణ్ని ఫ్రెంచివాళ్లు నేటికీ 'దోంతర్' అంటారు. అదీ ఇదీ లాటిన్ 'దొమితారే' పిల్లలే. ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లిషు 'టేమ్'కీ, సంస్కృత 'దమ్' ధాతువుకీ అదే పుట్టిల్లు. మన ఇంద్రియదమనం, దమననీతి, చివరికి దమయంతి... అన్నీ ఆ ఇంటివే!

'డాంట్‌లెస్' 16వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చింది. 'మక్బెత్' నాటకంలో బాంకో స్వభావం గురించి చెప్పడానికి షేక్‌స్పియర్ ఈ మాట వాడాడు. ఆ మాట అన్నదెవరో తెలుసా? బాంకోను తలచుకుని లోలోపల వణుకుతున్న మక్బెత్!

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం ఓ బాంబర్ విమానానికి ఈ పేరే పెట్టింది. వేగం తక్కువ. అప్పటికే పాతబడిందన్న పేరు. అయినా 1942 జూన్ 4న మిడ్‌వే దగ్గర ఆ విమానాలు దాదాపు నిట్టనిలువుగా కిందికి దూకి, మూడు జపాన్ విమానవాహక నౌకలను నిమిషాల్లో మంటల పాలు చేశాయి. సాయంత్రానికి నాలుగోదాన్నీ! కింద నుంచి గుళ్లు దూసుకొస్తుంటే ఆ పైలట్లకు భయం వేయలేదనుకోగలమా? వేసినా విమానాన్ని మాత్రం పక్కకు తిప్పలేదు.

అసలు కిటుకు అక్కడే ఉంది. 'ఫియర్‌లెస్' అంటే భయమే లేదని. 'డాంట్‌లెస్' పుట్టుక చెప్పేది వేరు... భయం ఉండొచ్చు, కానీ అది మనల్ని మచ్చిక చేసుకోలేదు. మన 'అదమ్యం' కూడా సరిగ్గా ఇదే.

ఈసారి మీ చిన్నాడు స్టేజీ ఎక్కడానికి జంకితే 'భయమేంట్రా, సిగ్గులేదూ' అనకండి. 'భయపడు, ఫర్వాలేదు. దానికి లొంగిపోకు' అని చెప్పి చూడండి. మొదటిది వాడి చేతుల్లో లేదు. రెండోది ఉంది!