బంగారు తీగకు జ్వరమొస్తే

"చేపకి జ్వరం వస్తుందా సార్?" అని అడిగింది ఎనిమిదో తరగతి పిల్ల. శీతల రక్త జీవికి జ్వరమేమిటని క్లాసంతా నవ్వింది. కానీ వస్తుంది. మనకొచ్చినట్టు ఒంట్లోంచి పుట్టదు, అంతే. చేప ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకుంటుంది.

మన చెరువుల్లో రోహు, బొచ్చెలతో పాటు పెంచే బంగారు తీగనే తీసుకోండి. దాన్ని చంపే హెర్పిస్ వైరస్ ఒకటి 1990ల చివర్లో ఇజ్రాయెల్‌ చేపల చెరువుల్లో విరుచుకుపడింది. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ వైరస్ సోకిన చేపలను 24 డిగ్రీల నీళ్లలోనే ఉంచితే చచ్చిపోయాయి. 24 నుంచి 32 డిగ్రీల దాకా వేర్వేరు వేడిమి ఉన్న తొట్లను కలిపి దారి ఇస్తే మాత్రం, జబ్బు ముదిరాక అవే అన్నిటికన్నా వెచ్చని తొట్టికి చేరి, కొన్నాళ్లుండి, బతికి బయటపడ్డాయి. ఆ వేడిలో వైరస్ పెరగలేదు.

వాటిని అటు నడిపించేది టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్. దీని పనితీరంటే నాకు మహా ఇష్టం. ఒకే రకం ముక్కలు మూడు జతకూడితేనే దీనికి పూర్తి రూపం వస్తుంది. వైరస్‌ను పసిగట్టిన రక్షక కణాలు దీన్ని బయటికి వదులుతాయి. కణాల పైపొరలో దీనికోసం గ్రాహకాలుంటాయి. వాటి తల బయట, తోక లోపల. ఈ ప్రొటీన్ వచ్చి మూడు గ్రాహకాల తలలను ఒకచోటికి లాగుతుంది. తలలు కలిస్తే లోపల తోకలూ కలుస్తాయి. అక్కడ సహాయక ప్రొటీన్లు పోగై ఒక ఎంజైమును లేపుతాయి. అది ఐ-కాపా-బి అనే కాపలా ప్రొటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఫాస్ఫేటు పడ్డ కాపలాను కణమే ముక్కలు చేసేస్తుంది. అప్పటిదాకా దాని పట్టులో ఉన్న ఎన్ఎఫ్-కాపా-బి విడుదలై, కేంద్రకంలోకి వెళ్లి రోగనిరోధక జన్యువులను మేల్కొలుపుతుంది. టీఎన్ఎఫ్ గడప దాటకుండానే ఇంత పనీ మొదలైపోతుంది!

వైరస్ ఊరుకుంటుందా? ఓఆర్ఎఫ్-12 అనే దాని జన్యువు ఆ గ్రాహకానికి నకలు తయారుచేస్తుంది. తల ఉంటుంది, తోక ఉండదు, పొరకు అతుక్కోదు. కణాల బయట తేలుతూ టీఎన్ఎఫ్‌ను పట్టేస్తుంది. ఎవరూ తెరవని పోస్టు డబ్బాలో పడ్డ ఉత్తరంలా సందేశం అక్కడే ఆగిపోతుంది. జ్వరం ఆలస్యమవుతుంది, ఆ సందులో వైరస్ తామరతంపరగా పెరుగుతుంది. ఆ జన్యువు లేని వైరస్ సోకిన చేపలు ముందుగానే వెచ్చని నీటికి చేరాయి. టీఎన్ఎఫ్‌ను కట్టిపడేసే యాంటీబాడీలు ఎక్కించిన చేపలు అటు వెళ్లడం తగ్గించాయి, ఎక్కువగా చచ్చాయి. ఒక్క ప్రొటీన్ అడ్డుపడి చేప ఎటు ఈదాలో మార్చేసింది. ఇంతకన్నా గొప్ప పోటీ నేనెరగను.

మిగతా కథ క్లుప్తంగా చెబుతాను. ఎలుకల్లో కణుతులను చంపే పదార్థంగా టీఎన్ఎఫ్‌ను 1975లో న్యూయార్క్‌లో గుర్తించారు. 1998లో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అమెరికాలో అనుమతి పొందిన ఎటనర్సెప్ట్ మందులోనూ ఉన్నది తోకలేని గ్రాహకమే. వైరస్ ఎత్తుగడే మనకు మందైంది.

తొట్లలో చేపలు పెంచేవాళ్లు నీళ్లన్నీ ఒకే వేడిలో ఉంచాలని తంటాలు పడతారు. పక్కనే వెచ్చని అర ఒకటి కట్టి, దారి వదిలి చూస్తే బాగుంటుంది.