పక్కకి జరిగే తలుపుకి ఏ గడియ?

ఈ మధ్య కొత్త ఇళ్ల వీడియోలు ఏవి చూసినా ఒక తలుపు కనిపిస్తోంది. దానికి మడత బందులు ఉండవు. గుమ్మానికి పైన గోడ మీద ఒక నల్లటి ఇనుప పట్టీ, దాని మీద రెండు చక్రాలు, వాటికి వేలాడుతూ ఒక బరువైన చెక్క తలుపు. తోస్తే గోడ వెంబడే పక్కకి జరిగిపోతుంది. బార్న్ డోర్ అంటున్నారు దీన్ని. అమెరికా పల్లెల్లో గడ్డి, పంట, పశువులు ఉండే పెద్ద కొట్టాలకి పెట్టుకున్న తలుపు ఇప్పుడు బెడ్‌రూముల దాకా వచ్చింది.

గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లం దీన్ని చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. పత్తి మిల్లుల గోడౌన్లలో, కోల్డ్ స్టోరేజీల్లో పక్కకి జరిగే తలుపులు మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. బస్తాలు పేర్చుకునే చోట తలుపు తిరగడానికి జాగా వదిలితే ఆ మేరకు సరుకు తగ్గుతుంది. అందుకే అక్కడ తలుపు గోడకి అతుక్కుని జరుగుతుంది. ఇరుకు ఇళ్లలో కూడా దీని ఉపయోగం అదే.

తలుపు ఎంచుకోవడం తేలిక, చిక్కంతా గడియ దగ్గరే. ఈ వేసవిలో మా ఇంట్లో మూడు గదులకి ఇలాంటి తలుపులు పెట్టించారు. మెకానికల్ చదువుతున్నానన్న ఒక్క కారణంతో గడియలూ తాళాలూ చూసే పని నా మీద పడింది. ఆ పనిలో తెలుసుకున్నవి మన వాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

మామూలు గడియ ఎందుకు పనిచెయ్యదు

ఇంట్లో ఉన్న మామూలు తలుపు దగ్గరికి వెళ్లి ఒకసారి చూడండి. తలుపు మన వైపుకో, అవతలి వైపుకో తిరుగుతుంది. బోల్టు మాత్రం పక్కకి జరిగి ద్వారబంధంలోకి దూరుతుంది. అంటే తలుపు కదిలే దిశకి బోల్టు అడ్డంగా ఉంది. బోల్టు విరగాలి, లేదా మరలు ఊడాలి. అప్పుడుగానీ తలుపు రాదు.

అదే బోల్టుని జరిగే తలుపుకి అలాగే బిగించారనుకోండి. బోల్టు దూరే దిశ, తలుపు జరిగే దిశ రెండూ ఒకటే. తలుపుని వెనక్కి లాగితే బోల్టు కూడా బుద్ధిగా దానితో పాటే బయటికి వచ్చేస్తుంది. ఎంత లావు ఇనుము పెట్టినా లాభం లేదు. ఇందులో బలం సంగతి లేదు, దిశ సంగతే ఉంది. మొదటి సెమిస్టర్‌లో గీసిన ఫ్రీ బాడీ డయాగ్రాములు నాకు మొదటిసారి ఇంట్లో పనికొచ్చింది ఇక్కడే.

కాబట్టి జరిగే తలుపుని ఆపడానికి రెండే దారులు. ఒకటి, కొక్కెంతో పట్టుకోవడం. బోల్టు చివర వంకర తిరిగి ఉంటే అవతలి గాడిలోకి దూరి అక్కడ పట్టేసుకుంటుంది. రెండు, దారికి అడ్డంగా ఒక పిన్ను నిలబెట్టడం. పిన్ను కిందికి దిగి నేలలోకో, పైకి లేచి పట్టాలోకో దూరితే తలుపు జరగదు.

పట్నం బజారులో రాత్రి కొట్లు కట్టేసేటప్పుడు చూస్తే రెండో పద్ధతి అర్థమవుతుంది. షట్టర్ కదిలేది పైకీ కిందికీ. మధ్యలో తాళంచెవి తిప్పితే బోల్టులు రెండు పక్కలా అడ్డంగా వెళ్లి పక్క పట్టీల్లో దూరతాయి. జరిగే తలుపుకి కావలసింది ఇదే లెక్క, దిశ మార్చుకోవాలంతే. షాపుల్లో అద్దాల షోకేసుకి పెట్టే పళ్ల పట్టీ తాళం కూడా ఈ కోవలోదే. పట్టీ మీద ఉన్న పళ్లు రెండో అద్దాన్ని వెనక్కి జరగనివ్వవు.

గడియ కంటే ముందు చూడాల్సినవి

తలుపు సరిగ్గా వేలాడకపోతే ఎంత మంచి గడియ కొన్నా దండగ. ముఖ్యంగా మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది కింది గైడు. తలుపుని పైన మాత్రమే పట్టుకుంటే కింది భాగం లోలకంలా ఊగుతుంది. నేల దగ్గర చిన్న గైడు పెడితే ఊగదు. అది లేకపోతే కొక్కెం ఒకరోజు గాడిలో పడుతుంది, ఇంకోరోజు పడదు.

రెండోది, పట్టా చివర ఆపే దిమ్మలు. ఇక్కడ చిన్న లెక్క. 2.1 మీటర్ల ఎత్తు, 1.05 మీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు తలుపు సుమారు 50 కిలోలు తూగుతుంది. సెకనుకి అర మీటరు వేగంతో తోస్తే దానిలో ఉండే శక్తి 6.25 జౌళ్లు. ఏదైనా దాన్ని 2 మిల్లీమీటర్ల దూరంలో ఆపాలంటే సగటున 3,000 న్యూటన్లకి పైగా బలం కావాలి. టిక్కీకి 45 కిలోలు వేసుకుంటే దాదాపు ఏడు మిర్చి టిక్కీల బరువు ఒక్కసారి మీద పడినట్టు. ఆ దెబ్బ రబ్బరు దిమ్మ తినాలి. గడియ తింటే నెలలోనే వంకరపోతుంది.

మూడోది, తలుపు పట్టా మీద నుంచి ఎగరకుండా పెట్టే బిళ్లలు. అవి లేకపోతే తలుపుని కింద నుంచి ఎత్తి పట్టా మీద నుంచి తప్పించవచ్చు. అప్పుడు తాళం తాళంలాగే ఉంటుంది, తలుపు మాత్రం ఊడి చేతిలోకి వస్తుంది.

ఇంకో సంగతి. ఈ తలుపు ద్వారబంధంలో కూర్చోదు, గోడ మీదుగా జరుగుతుంది. అందుకని గుమ్మం కంటే రెండు పక్కలా కనీసం 50 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉండాలి. తలుపు అంచుకి ఎదురుగా చెక్క ఏమీ ఉండదు కాబట్టి కొక్కెం దూరే గాడి ఎక్కడ పెట్టాలన్నది కూడా ముందే ఆలోచించాలి. మేస్త్రి చెప్పిన ఉపాయం ఏంటంటే, తలుపు అంచు వచ్చి ఆగే చోట గోడకి నిలువుగా ఒక చెక్క పట్టీ బిగించి, గాడి అందులో తొలవడం. అదే పట్టీ గది లోపలి వెలుగు సందులోంచి బయటికి పడకుండా కూడా ఆపింది.

మూడు గదులు, మూడు రకాలు

మొదటిది నేను, చెల్లి చదువుకునే గది. “ఇంట్లో ఉండేది మనమేగా, గడియ ఎందుకమ్మా?” అన్నారు నాన్న. “మనమే నాన్నా. కానీ నేను ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఇస్తుంటే వెనకాల చిన్నాన్న లుంగీ ఎగగట్టుకుని నడిచెళ్తారు” అన్నాను. చిన్నాన్న కూడా ఒప్పుకున్నారు. ఈ గదికి కొక్కెం గడియ పెట్టాం. లోపల బొటనవేలితో తిప్పే చిన్న పిడి, బయట రూపాయి బిళ్లతో తిప్పగలిగే గాడి. లోపలి వైపు పిడి చెక్కలోకి దిగి ఉండాలి. పైకి పొడుచుకొస్తే తలుపు జరిగేటప్పుడు గోడకి కొట్టుకుంటుంది. గడియ పడ్డాక అమ్మ ఏమీ అనలేదు. కానీ మిరపకోతల రోజుల్లో మనుషులు వస్తూ పోతూ ఉండే ఇంట్లో, చీర మార్చుకోవడానికి అమ్మ ఇప్పుడు మా గదికే వస్తోంది. ఇన్నేళ్లు ఎక్కడ మార్చుకునేదో నేనెప్పుడూ అడగలేదు.

రెండోది నాయనమ్మ స్నానాలగది. పాత తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి జారి తలుపుకి అడ్డంగా పడితే అలాంటి తలుపుని బయట నుంచి తొయ్యలేం, తోస్తే దెబ్బ ఆ మనిషికే. జరిగే తలుపుకి ఆ బాధ లేదు. వాసన, చప్పుడు పూర్తిగా ఆపదన్నది నిజమే, కానీ పెద్దవాళ్లున్న ఇంట్లో నేను దీనికే ఓటేస్తాను. గడియ సంగతి వచ్చేసరికి నాయనమ్మ ఒక మాట అంది: “గడియ పెట్టుకుంటే పడిపోయినప్పుడు ఎవరూ రాలేరు. పెట్టుకోకపోతే ఎవరన్నా తోసుకొస్తారేమోనని నీళ్లు సరిగ్గా పోసుకోలేను.” నాకు మొత్తం సమస్య ఆ రెండు వాక్యాల్లో కనిపించింది. అక్కడ నేలలోకి దిగే పిన్ను పెట్టకూడదు. వంగాలి, పైగా తడి నేలలో ఆ రంధ్రం నిండా నీళ్లూ సబ్బూ చేరతాయి. చిన్న పిడి తిప్పాలంటే ఆవిడ వేళ్లు సహకరించవు. అందుకని నడుము ఎత్తులో, అరచేత్తో కిందికి వాల్చే పెద్ద ఆకు లాంటి గడియ పెట్టాం. తలుపు లోపలి ముఖానికి ఆకు, ద్వారబంధానికి దాన్ని పట్టే కొండీ. ఆకు పిన్ను తలుపుని దాటి బయటికి వస్తుంది, దాని చివర బిళ్లతో తిప్పే గాడి ఉంది. కావాలంటే బయట నుంచి తీయొచ్చు.

మూడోది సామాన్ల గది. అమ్మకానికి ఆగిన మిరపకాయలు, మోటారు సామాను, పురుగుమందు డబ్బాలు ఉండేది ఇక్కడే. దొంగతనం భయం ఒకటి, పిల్లలు మందు డబ్బాల దగ్గరికి వెళ్తారన్న భయం ఇంకొకటి. ఇక్కడ సొగసు చూడకూడదు. ఇనుప మడత పట్టీ, కొండీ, తాళం కప్ప. పట్టీ మూస్తే దాని మరలు కిందకి దాక్కోవాలి. మరలు బయటికి కనబడితే దొంగకి తాళంతో పనే లేదు, స్క్రూ డ్రైవర్ చాలు. కప్ప కమ్మి పొట్టిగా, లావుగా ఉండాలి. పొడుగు కమ్మిలో గునపం దూర్చి మెలి తిప్పడం తేలిక. పైన పట్టా బోల్టులు కూడా బయట నుంచి పానాకి అందకూడదు. అందుకే మా మేస్త్రి వాటిని గోడ దాటించి లోపల నట్లు బిగించాడు. నేల పిన్ను ఇక్కడా వద్దన్నాను. పత్తి నూగు, మిరప గింజలు, దుమ్ము కలిసి ఆ రంధ్రాన్ని వారంలో పూడ్చేస్తాయి.

తాళం దేశంలో ఎక్కడ తయారైందన్నది ఎవరి ఇష్టం వాళ్లది. అలీగఢ్ తాళాలకి ఎప్పటినుంచో పేరుంది. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఎంత పేరున్న తాళమైనా బలహీనమైన కొండీకి వేస్తే కొండీ బలమే దాని బలం.

లోపలున్న మనిషి

తాళం అనగానే మనం బయట నుంచి వచ్చేవాడి గురించే ఆలోచిస్తాం. లోపల ఉండే మనిషిని మర్చిపోతాం. 1911 మార్చి 25న న్యూయార్కులోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కుట్టు ఫ్యాక్టరీలో నిప్పంటుకుంది. మెట్ల వైపు తలుపు ఒకటి తాళం వేసి ఉంది. మొత్తం 146 మంది చనిపోయారు. ఎక్కువమంది మన వయసు అమ్మాయిలు. అక్కడ కాలింది కూడా నూలు బట్ట ముక్కలే. పత్తి ఎంత త్వరగా అంటుకుంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా భవనాల్లో జనం బయటపడే తలుపులు లోపలి నుంచి తాళంచెవి లేకుండానే తెరుచుకోవాలంటుంది. పెద్ద శీతల గదుల తలుపులకి లోపలి వైపు ఒక పిడి పెడతారు. బయట తాళం వేసి ఉన్నా సరే, లోపల చిక్కుకున్న మనిషి ఆ పిడితో తలుపు తీసుకోగలగాలి. మిర్చి గిట్టుబాటు ధర కోసం నెలల తరబడి ఎదురుచూడొచ్చు, మనిషి ఆ చలిలో గంటలు కూడా ఎదురుచూడలేడు.

మా సామాన్ల గదికి అలాంటి పిడి లేదు. దానికి బదులు ఒక అలవాటు పెట్టుకున్నాం. గదిలోకి వెళ్లేవాళ్లు తెరిచిన తాళం కప్పని కొండీకే తగిలించి నొక్కేసి, చెవి జేబులో వేసుకుని లోపలికి వెళ్లాలి. కొండీలో కప్ప ఉండగా మడత పట్టీ మూతపడదు. లోపల నాన్న బస్తాలు సర్దుతుంటే బయట ఎవరో చూడకుండా తాళం వేసేసి పొలానికి వెళ్లిపోవడం ఇక జరగదు. ఫ్యాక్టరీల్లో యంత్రం బాగుచేసేవాళ్లు స్విచ్చికి తమ తాళం వేసుకుని చెవి దగ్గర పెట్టుకునే పద్ధతి మనకి పాఠంలో ఉంది. ఇది దాని పల్లెటూరి చెల్లెలు.

కరెంటుతో, ఫోనుతో పనిచేసే తాళాలు కూడా వస్తున్నాయి. కొనేముందు ఒక్కటే అడగండి. కరెంటు పోయినప్పుడు, బ్యాటరీ అయిపోయినప్పుడు లోపలున్నవాళ్లు చేత్తో తీసుకోగలరా? జవాబు తడబడితే వద్దనేయండి.

షాపుకి వెళ్లేముందు

కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: తలుపు మందం, తలుపుకీ గోడకీ మధ్య సందు, అంచు ఆగే చోట చెక్క ఉందా లేదా, తలుపు మొత్తం తెరిచినప్పుడు పిడి దేనికైనా తగులుతుందా. మందం 35 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే చాలా కొక్కెం గడియలు చెక్కలో దిగవు, అప్పుడు పైన బిగించే రకమే తీసుకోవాలి. ఇంటి వీధి తలుపుకి మాత్రం ఇలాంటి వేలాడే తలుపు వద్దు. గోడకీ తలుపుకీ మధ్య ఉండే సందు గునపానికి దారి ఇచ్చినట్టే.

ఇవి రాసుకున్నాక ప్రతి గదికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ గడియ ఎవరిని ఆపాలి? ఎవరిని ఎప్పటికీ ఆపకూడదు? మొదటిదానికి జవాబు షాపతను చెబుతాడు. రెండోదానికి జవాబు ఇంట్లోవాళ్లని అడిగితేనే తెలుస్తుంది, ముఖ్యంగా ఇన్నాళ్లూ ఎవరూ అడగనివాళ్లని.

బిగించిన రోజు రాత్రి లైట్లు తీసేసి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల చేతా చిన్నవాళ్ల చేతా ఒక్కోసారి గడియ పెట్టించి, తీయించి చూడండి. మేస్త్రికి డబ్బులు ఆ తర్వాత ఇవ్వండి.